గోడ రుచి చూసిన డ్రిల్లు సారు

మొన్న ఆదివారం పొద్దున్నే చిట్యాల నుంచి ఫోను వచ్చింది. మా డ్రిల్లు సారు కూతురు. "మేడం, నాయిన పోయిండు" అంది. ముందురోజు సాయంత్రం మనవరాలికి తాడాట నేర్పిస్తూ ఇంటి ముందర అరుగు మీద కూర్చుండిపోయాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. "తండాకు తీస్కపోతున్నం. మీకు చెప్పకపోతే నాయిన ఊకోడు" అన్నది ఆ అమ్మాయి. ఆ మాట అన్నాక గాని ఆమెకు ఏడుపు రాలేదు. నాకూ అంతే.

తొర్రూరులో మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. నేను తెలుగు చెప్పేదాన్ని, ఆయన పిల్లలను ఉరికించేవాడు. ఊరికి దగ్గర్లోని లంబాడా తండాలో పుట్టిన మనిషి. ఇంట్లో వాళ్ళ భాష, బయట మా భాష. ఉత్సాహం వస్తే మాత్రం రెండూ కలిసిపోయేవి. ముందు తన భాషలో ఒక కేక వేసి, మా మొహాలు చూసి, అదే కేకను తెలుగులో ఇంకోసారి వేసేవాడు. చాయ్‌ని సాసరులో పోసి రెండు గుక్కల్లో తాగేసేవాడు. ఫోను చెవికి దూరంగా పట్టుకుని మాట్లాడేవాడు, ఎందుకంటే ఆయన గొంతుకు ఆయన చెవే ఓర్చుకోలేదు. స్టాఫ్‌రూములో ఎవరైనా దిగులుగా కనిపిస్తే చాలు, "కూసుంటే వచ్చిన ఆలోచన గూడ కూసునే ఉంటది మేడం, లేవుండ్రి, జర నడుద్దాం" అనేవాడు. నా అత్తగారు పోయినప్పుడు, నా బిడ్డకు జ్వరం తగ్గనప్పుడు, ఆ మైదానం చుట్టూ ఆయనా ఆయన భార్యా నన్ను ఎన్నిసార్లు తిప్పారో లెక్క లేదు.

ఆయనకు పిచ్చి ఒకటి ఉండేది. అది మా ఊరి పాత అంగడి మూలన ఉన్న రాతి కొట్టు. ఒకే గది. మందమైన గోడలు, కిటికీలు లేవు, వంగితే గాని పోలేనంత చిన్న తలుపు. నేల మాత్రం నడుమెత్తున లేపి కట్టారు. దాన్ని అందరం దొర కొట్టు అనేవాళ్ళం. ఎవరూ లోపలికి పోగా నేను చూడలేదు. తాళం తుప్పుపట్టి తలుపులో కలిసిపోయింది. దాని నీడన ఆకుకూరలు, కుండలు, చీపుర్లు అమ్ముకునేవాళ్ళు.

"గంత మందం గోడలు ఊకెనే కట్టరు మేడం" అనేవాడు సారు. ఒక ఏడు అది తుపాకుల కొట్టని తేల్చి, పిల్లలను వరుసగా నడిపించుకుపోయి చూపించాడు. మరో ఏడు అది గుర్రాల కొట్టన్నాడు. అప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తి, "సార్, గింత చిన్న తలుపులకెళ్ళి గుర్రం ఎట్ల పోతది?" అని అడిగింది. అందరికంటే గట్టిగా నవ్వింది సారే. ఆ పిల్లకు మర్నాడు బడి ముందర అందరూ చప్పట్లు కొట్టేలా చేశాడు. "తప్పైతే ఎన్కకు ఉరుకుదాం. ముందైతే ఉరుకుదాం" అనేది ఆయన మాట.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడిచిన వానాకాలం అది. బడులు మూతబడ్డాయి. బస్సులు డిపోల్లోనే నిలబడ్డాయి. పాత అంగడిలో, సరిగ్గా ఆ కొట్టు ముందర, మా దీక్షా శిబిరం వెలిసింది. టీచర్లం, గుమాస్తాలం, దర్జీలం, చాకలివాళ్ళం, అందరం అక్కడే. సినిమాల్లో నవ్వులాటకు వాడుకున్న మా మాట ఆ మైకులో పొద్దంతా గుండె నిండుగా మోగేది. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండుకుని తిన్నాం. ఆ రోజుల్లో మా ఒంట్లో ఉన్న ఊపు ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మరు. రైలు పట్టాల మీద కూర్చున్నందుకు సారును పోలీసులు పట్టుకుపోతే, స్టేషన్‌లో కూడా తోటివాళ్ళతో కసరత్తు చేయించి వచ్చాడు.

శిబిరానికి పెద్ద మా ఊరి వకీలు సాబ్. మంచి మనిషి, ఉద్యమంలో దెబ్బలు తిన్నవాడు. ఒక మధ్యాహ్నం ఆయన మైకు తీసుకున్నాడు.

"రాష్ట్రం కోసం పానమిచ్చిన పిల్లలకు మన ఊర్ల స్తూపం కట్టుకుందాం. గీ దొర కొట్టును కూలగొట్టి గీ జాగలనే కడుదాం. దొరల గుర్తు పోవాలె, అమరుల గుర్తు నిలవాలె. సద్దుల బతుకమ్మ నాటికి పునాది పడాలె!"

అందరం చప్పట్లు కొట్టాం. సారు కూడా కొట్టాడు. అమరుల స్తూపాన్ని ఎవరు కాదంటారు?

ఆ వారంలోనే ఒకనాడు పెద్ద వాన కొట్టింది. శామియానా నీళ్ళతో నిండి కడుపులా కిందికి వేలాడింది. నేను, సారు, ఇంకొందరం కొట్టు చూరు కిందికి చేరాం. మాతోపాటు అంగడికొచ్చిన మేకలు కూడా. ఒక మేక గోడ అడుగురాయిని నాకడం మొదలుపెట్టింది. దాన్ని నెట్టేసి ఇంకోటి వచ్చింది.

"మేడం, గీ మేక ఏం చేస్తున్నది?"

"గోడ నాకుతున్నది సారు."

"ఎందుకు?"

"మేక గదా. ఏదైన నాకుతది."

"కాదు మేడం, జర చూడుండ్రి. పక్కన గాజుల దుకాణం గోడ ఉన్నది, దాన్ని ముట్టలే. నేను చిన్నప్పటిసంది చూస్తున్న, అంగడికొచ్చిన ప్రతి మేక గీ గోడనే నాకుతది. ఎందుకని మనం ఒక్కలం గూడ అడగలే!"

అని గొంతుక్కూర్చున్నాడు. మేకను పక్కకు జరిపాడు. రాయిని అరచేత్తో తుడిచి, అంగడి అంగడంతా చూస్తుండగా, ముందుకు వంగి నాలుక పెట్టాడు.

నమ్మలేక ఇంకోసారి పెట్టాడు. తరువాత ఎగిరి వానలోకి దూకాడు. మెడలోని ఈల తీసి ఊదాడు. వాళ్ళ భాషలో ఏదో అరిచాడు, వెంటనే "ఉప్పు! ఉప్పు మేడం, ఉప్పు!" అని తెలుగులో అరిచాడు. నన్ను కూడా రుచి చూడమని పట్టుబట్టాడు. పంతులమ్మను, నలుగురిలో, గోడ నాకడమా? కానీ ఆ మొహం చూస్తే కాదనబుద్ధి కాలేదు. వేలితో రాసి నాలుక చివర అంటించుకున్నాను. నిజమే. కూరలో ఒక పలుకు ఎక్కువైనట్టు ఉంది.

"గిది తుపాకుల కొట్టు కాదు, గుర్రాల కొట్టు కాదు. ఉప్పు కొట్టు! మావోళ్ళ ఉప్పు కొట్టు మేడం!"

అప్పుడు చెప్పాడు. రైళ్ళు, లారీలు లేని కాలంలో వాళ్ళ పూర్వీకులు ఎడ్ల మందలను తోలుకుంటూ సముద్రం వైపు పోయేవారట. ఎడ్ల వీపుల మీద ఉప్పు సంచులు వేసుకుని ఈ ఊళ్ళకు తెచ్చి, ఇక్కడి ధాన్యం అటు మోసేవారట. చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పిన సంగతులు అవి. వాటిని కథలనుకున్నాడు ఇన్నాళ్ళూ. "గా కథ గీడ రాయై ఉన్నది" అంటూ గోడను చేత్తో చరిచాడు.

మర్నాడు శిబిరంలో ఈ సంగతి చెబితే వకీలు సాబ్ నవ్వాడు. "పాత గోడలన్నిటికి ఉప్పు పడుతది సారు. గోడ నాకి చరిత్ర రాస్తరా?"

సారుకు కోపం రాలేదు. "అట్లనా? అయితే మిగిలిన గోడలు గూడ నాకి వస్త" అన్నాడు.

వెళ్ళాడు కూడా. ఊళ్ళో దొర ఉన్న గడి గోడ, పాత బావి గోడ, మా బడి వెనక గోడ, ఒక్కదాన్నీ వదల్లేదు. అంతటితో ఆగక స్కూటరు వేసుకుని జఫర్‌గఢ్ కోట దాకా పోయాడు. సాయంత్రం దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, నేరుగా మైకు అందుకున్నాడు.

"కోట గోడ చప్పగున్నది! గడి గోడ సున్నం, చేదు! బావి గోడ పాకురు! మా బడి ఎన్క గోడ సంగతి అడగకుండ్రి, మన పిల్లలు గాడ ఏం చేస్తరో మీకు ఎర్కనే!"

శిబిరమంతా పడీపడీ నవ్వింది. వకీలు సాబ్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. కానీ స్తూపం మాట మాత్రం మారలేదు. బతుకమ్మ పండుగ దగ్గరపడుతోంది.

సారు వాళ్ళమ్మను అడగాలన్నాడు. ఆయన, ఆయన భార్య, నేను ఆటోలో తండాకు పోయాం. వాళ్ళ భాషలో అమ్మను యాడి అంటారు. ఆమెకు చూపు సగం పోయింది, మాట మాత్రం గట్టిది. సారు ఆమె చెవి దగ్గర పెద్దగా అరిచి అడుగుతుంటే చేతికర్రతో మోకాలి మీద ఒకటి అంటించింది. "నాకు చెవుడు లేదు" అందట. తరువాత నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. సారు తెలుగులో నాకు అందించాడు.

"మా నాయనమ్మ చెప్పేది. తొర్రూరుల బస్తాలు దించే కొట్టు ఒకటి ఉండె. వానకాలం గది ఏడుస్తది. ఉప్పుకు తడి తాకితే కారిపోతది గద, గందుకు. గా నీళ్ళు పోనీకి లోపల మూలకు బొక్క ఉండాలె. చూసినవా?"

"తాళం ఉన్నది యాడీ" అన్నాడు సారు.

"తాళం ఉంటే తియ్యవా?" అన్నది ఆమె. ఇది తెలుగులోనే అన్నది, నాకు కూడా అర్థం కావాలని కాబోలు.

తాళం తీస్తామని అడిగితే సర్పంచి కాదనలేదు. "మీరు మీరు ఒక మాట మీదికి రాండ్రి, నాదేం లేదు" అన్నాడు. కమ్మరి వచ్చి తాళం పగలగొట్టాడు. తలుపు తెరిస్తే గబ్బిలాలు మా తలల మీదుగా బయటికి కొట్టుకున్నాయి. లోపల విరిగిన కుర్చీలు, ఎప్పటివో ఎన్నికల బోర్డులు, మోకాలి లోతు చెత్త. సారు చొక్కా విప్పి నడుముకు కట్టుకున్నాడు. టీచర్లం అందరం కలిసి ఊడ్చాం. గచ్చు బయటపడింది. ఒక మూలకు వాలుగా ఉంది! ఆ మూలన మట్టి గట్టిపడి ఉంది. సారు ఇనుప చువ్వ పెట్టి పొడిచాడు, తవ్వాడు, మళ్ళీ పొడిచాడు. "నీళ్ళు తెండ్రి, నీళ్ళు!" అని కేక.

బకెట్ నీళ్ళు తలుపు దగ్గర పోశాం. నీళ్ళు మెల్లగా మూలకు నడిచాయి, అక్కడ కాసేపు తారాడాయి, గిర్రున సుడి తిరిగాయి, మాయమయ్యాయి. మరుక్షణం బయట సందులోంచి ఆకుకూరల అవ్వ గొంతు వినిపించింది.

"ఎవలురా నా తోటకూర మీద నీళ్ళిడిసింది!"

సారు నన్ను, సోషల్ సారును, కమ్మరిని, ఎవరు దొరికితే వాళ్ళను పట్టుకుని గంతులేశాడు. బయటికి ఉరికి, ఉప్పు కొట్టు సంగతంతా చెబుతూ అవ్వ చేతులు పట్టుకుని ఊపాడు. ఆమె తోటకూర మొత్తం ఆయనే కొన్నాడు. ఆ రోజు రోడ్డు మీద మా వంటలో అదే కూర.

ఆ మధ్యాహ్నమే అందరిలో మాట్లాడతానన్నాడు. మైకు పట్టుకుని, కొట్టును ఉంచండి, స్తూపం ఇంకోచోట కట్టుకుందాం అని అడిగాడు. గోడ సంగతి, తూము సంగతి, యాడి మాట, అన్నీ చెప్పాడు. వెంటనే ముందు వరుసలోంచి ఒక యువకుడు లేచాడు.

"సారు, ఉప్పు ఆంధ్ర సముద్రం కెళ్ళి వచ్చింది అంటున్నవ్. మనం కొట్లాడేది వేరేగ పోవాలెనని. గిప్పుడు గా ముచ్చట ఎందుకు?"

వెనక నుంచి ఇంకెవరో, "అమరుల స్తూపానికి అడ్డం పడుతుండు. అమ్ముడు పోయిండు" అన్నారు.

సారు మొహం చూడలేకపోయాను. పోలీసులు పట్టుకుపోయినా నవ్వుతూ వచ్చిన మనిషి. మైకు పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. మళ్ళీ ఎత్తి మాట్లాడినప్పుడు, ఆయన గొంతు అంత మెల్లగా నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

"సముద్రం ఎవ్వలదైతేంది తమ్మీ. మోసిన కాళ్ళు మావి. తిన్న నోరు మనందరిది. రాష్ట్రం రావాలె, వస్తది. వచ్చినంక మన పిల్లలకు ఏం చూపిస్తవ్? మా తండాలోళ్ళకు గడీలు లేవు, కోటలు లేవు. మేం గీడ తిరిగినం, గిట్ల బతికినం అని చెప్పేటందుకు గీ ఒక్క గోడనే ఉన్నది. గంతే."

వకీలు సాబ్ లేచాడు. "మీ బాధ నాకు అర్థమైంది సారు. మిమ్ములను ఎవలేమన్నా తప్పే. గని గీ కొట్టుల మన తాతలను బంద్ చేసి కొట్టిండ్రని ఊరంతా చెప్తది. గది అబద్ధమా?"

"నాకు తెల్వది" అన్నాడు సారు. "ఎవలన్న చూసినోళ్ళు ఉన్నరా? నేనైతే ఉప్పు కొట్టు అంటున్న."

"నేను చెప్త."

వెనక్కి తిరిగి చూశాం. ఆకుకూరల అవ్వ. గంప పక్కన పెట్టి లేచి నిలబడింది. మైకు ఇస్తే వద్దని చెయ్యి ఊపింది.

"వెట్టికి పోనన్నడని మా నాయినను గీండ్లనే ఏసి తాళం పెట్టిండ్రు. బువ్వ లేదు, నీళ్ళు లేవు. నాయిన సచ్చేదాక ఒక మాట చెప్పెటోడు. గా కొట్టు గోడలు ఉప్పగుంటయి బిడ్డా, అనెటోడు. దూప ఆగక తడిగోడకు నోరు పెట్టిండట. ఉప్పు తాకి ఇంకింత తండ్లాడిండట. మేం నమ్మలే. ఏడ్చి ఏడ్చి ఆయన కండ్లనీళ్ళే నోట్లకు పోయినయి, గదే ఉప్పనుకున్నడు అనుకున్నం. గిన్నేండ్లు గట్లనే అనుకున్న."

కొంగుతో మూతి తుడుచుకుంది. వకీలు సాబ్ వైపు తిరిగింది.

"పొద్దుగాల సారు చెప్పినంక ఎర్కైంది. మా నాయిన నిజమే చెప్పిండు. వకీలు సాబ్, గా గోడ కూలగొడితే మా నాయిన మాటకు సాక్ష్యం ఏడికెళ్ళి తెస్తవ్?"

వకీలు సాబ్ కళ్ళద్దాలు తీశాడు. జేబులో పెట్టుకున్నాడు. తరువాత వేదిక దిగి, జనం మధ్య నుంచి నడిచి, గోడ దగ్గర వంగి రాయికి నాలుక అంటించాడు. లేచి అవ్వకు రెండు చేతులూ జోడించాడు. ఆయన వెనకే, ఇందాక సారును అడ్డుకున్న యువకుడు వచ్చాడు. ఆ తరువాత ఇక వరుస ఆగలేదు. గుమాస్తాలు, దర్జీలు, మా హెడ్మాస్టరు, అందరూ ఆ గోడ ముందర వంగారు. ఎవరో డప్పు అందుకున్నారు. సారు మైకులో, "నాది సగమే నిజం! మిగిలిన సగం అవ్వ కాడ ఉండె!" అని అరుస్తున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

స్తూపానికి బస్టాండు చౌరస్తాలో జాగ చూశారు. సద్దుల బతుకమ్మ నాడే పునాది పడింది. మొదటి తట్ట మట్టి ఎత్తింది సారే. "అమ్ముడు పోయిండు" అన్నది ఎవరో ఆయన ఎన్నడూ ఆరా తీయలేదు. "గుంపుల నోరు జారుతది మేడం, గుర్తు పెట్టుకుంటే నా పరుగు ఆగుతది" అన్నాడు.

రాష్ట్రం వచ్చాక కొట్టుకు కొత్త తలుపు పెట్టారు, పైకప్పు బాగుచేశారు. గోడ మీద రాసే మాటలు నన్నే రాయమన్నారు. ఇక్కడ లంబాడా వర్తకులు ఉప్పు దించారు, ఇక్కడే వెట్టికి ఎదురుతిరిగిన మనుషులను బంధించారు అని రాశాను. అవ్వ తండ్రి పేరు కూడా ఉంది. కింద 'రుచి చూడండి' అని కూడా రాయాలని సారు పట్టుబట్టాడు. సర్పంచి ఒప్పుకోలేదు. అందుకని వచ్చినవాళ్ళకల్లా ఆ మాట తానే చెప్పుకున్నాడు. కలెక్టరుగారొస్తే ఆమెకు కూడా చెప్పాడు. ఆమె నవ్వి, చుట్టూ చూసి, వేలితో రాసి చూసింది.

రిటైరయ్యాక కూతురి దగ్గర చిట్యాలలో ఉండేవాడు. తొలి వాన పడిన రోజు తప్పకుండా ఫోను చేసేవాడు. "మేడం, ఆడ వాన వడ్డదా? కొట్టు ఏడ్చిందా?" ఏడ్చిందంటే చాలు, చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు. మోకాళ్ళ నొప్పులతో నేను బడికి పోలేకున్నానంటే ఫోనులోనే కసరత్తు చెప్పి, "చేసినరా? నాకు వినిపియ్యలే" అని దబాయించేవాడు. నేను ఇన్నేళ్ళు పిల్లలకు పద్యాల అర్థాలు చెప్పాను. కళ్ళ ముందర రోజూ కనిపించేదాన్ని ఎందుకని అడగొచ్చని, అడిగినందుకు అందరూ నవ్వితే వాళ్ళతో కలిసి నవ్వొచ్చని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయనకు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నా చేత ఇంకో రెండు చుట్లు నడిపించేవాడు.

మట్టి ఇవ్వడానికి తండాకు పోయాను. వకీలు సాబ్ వచ్చాడు. మా పాత విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. చుట్టుపక్కల తండాల నుంచి పెద్దవయసు ఆడవాళ్ళు ట్రాక్టర్ల మీద వచ్చారు. చాలామంది ఇంకా పాత పద్ధతిలో అద్దాలు కుట్టిన లంగాలు, రవికెలు వేసుకునేవాళ్ళే. అంతా అయ్యాక వాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని మళ్ళీ ట్రాలీలెక్కారు. పాట ఎవరు ఎత్తుకున్నారో తెలియదు, ఒక ట్రాలీలోంచి ఇంకో ట్రాలీకి అందింది. పొద్దు వాలుతోంది. పత్తి చేల మధ్య బాట మీద ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి కుదుపులతో పోతుంటే, ఆ అద్దాలన్నిటి మీద ఎండ పడి, చేల మీద చిన్న చిన్న వెలుగు చుక్కలు వాళ్ళతోపాటే పరిగెత్తాయి.